కొండమేక వేటకు ముందు నాలుగు నెలలు: న్యూజిలాండ్‌లో ఒక వేట గైడు సేవపై సమీక్ష

గత జూన్ మొదటి వారంలో న్యూజిలాండ్ దక్షిణ దీవిలోని మెకంజీ ప్రాంతంలో, తార్ అనే కొండమేకలను కాలినడకన వేటాడించే ఒక చిన్న కుటుంబ సంస్థ సేవను ఐదు రోజులపాటు వినియోగించుకున్నాను. ఇటువంటి సేవల గురించి రాసేవారు సాధారణంగా చివరి రోజు ఫొటోతో మొదలుపెట్టి కొమ్ముల కొలతతో ముగిస్తారు. ఆ పద్ధతిలో రాస్తే ఈ సంస్థ గొప్పతనమేమిటో పాఠకులకు తెలియదు, ఎందుకంటే నేను చెల్లించిన డబ్బుకు దక్కిన విలువలో ముప్పాతిక భాగం హైదరాబాదులో విమానం ఎక్కకముందే నాకు అందింది. కొండల్లో వేటకు తీసుకువెళ్ళే సంస్థను దాని గోడకు తగిలించిన కొమ్ములను చూసి కాక, బయలుదేరకముందు అది మన చేత ఏమేమి చేయించిందో చూసి తూచాలన్నది నా అభిప్రాయం. సంస్థ పేరు రాయడం లేదు. ఇందులో మెచ్చుకోలుతో పాటు మూడు ఫిర్యాదులు కూడా ఉన్నాయి, వాటిని వారికే నేరుగా రాసి పంపాను. ఏ సంస్థను ఎంచుకునేవారికైనా పనికివచ్చేలా, వారు చేసిన పనిని మాత్రం వివరంగా చెబుతాను.

ముందుగా, అంత దూరం ఎందుకు వెళ్ళవలసి వచ్చిందో చెప్పాలి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత వేట నేరం, అది నేరంగానే ఉండాలని నల్లమల అంచున పుట్టి పెరిగినవాడిగా మనస్ఫూర్తిగా నమ్ముతాను. హిమాలయన్ తార్ మన హిమాలయాల దక్షిణపు వాలుల మీద బతికే జంతువు, మన చట్టం దానికి అత్యున్నత రక్షణ ఇచ్చింది. అదే జంతువును 1904లో ఇంగ్లండు నుంచి బెడ్‌ఫర్డ్ డ్యూకు కానుకగా పంపగా, న్యూజిలాండ్ ప్రభుత్వం మౌంట్ కుక్ దగ్గర వదిలింది. గబ్బిలాలు తప్ప నేలమీద తిరిగే స్వదేశీ క్షీరదమే లేని ఆ దేశంలో దాన్ని వేటాడే మృగం ఏదీ లేదు, మేకలు మేస్తాయని ఎరగని కొండ మొక్కలేమో ఎదురు నిలవలేవు. మంద పెరిగిన చోట గడ్డి దుబ్బులు మొదలంటా పోయి నేల బయటపడుతుంది. అందుకే 1993లో చేసిన ప్రణాళికలో మొత్తం సంఖ్య 10,000 దాటకూడదని పరిమితి పెట్టారు, వేటగాళ్ళను కూడా ఆ పనిలో భాగస్వాములుగానే చూస్తారు. నేపాల్‌లోని ఢోర్‌పాటన్ వేట అభయారణ్యంలో కూడా తార్ వేటకు అనుమతి దొరుకుతుంది, ఖర్చులు లెక్కవేసి అటు వెళ్ళాలని కొంతకాలం ఆలోచించాను కూడా. కానీ ఆ జంతువు తన సొంత నేల మీద ఉన్న చోట దాని మీదికి తుపాకి ఎత్తడానికి నా మనసు ఒప్పుకోలేదు.

ఈ సంస్థకు నేను మొదటి ఉత్తరం రాసింది ముందటి సంవత్సరం సెప్టెంబరులో. అదే సమయంలో మరో రెండు సంస్థలకు కూడా రాశాను. ఆ రెండింటి నుంచి వచ్చిన జవాబుల్లో ధరల పట్టిక, బయానా కట్టవలసిన బ్యాంకు వివరాలు, పెద్ద కొమ్ముల పోతుల ఫొటోలు ఉన్నాయి. వీరి జవాబులో మాత్రం ధర ఎక్కడా లేదు, పదకొండు ప్రశ్నలు ఉన్నాయి. వీపు మీద 15 కిలోల బరువుతో 300 మీటర్ల ఎత్తు ఎక్కడానికి మీకు ఎంత సమయం పడుతుంది, ఎత్తైన అంచు మీద నిలబడితే కళ్ళు తిరుగుతాయా, మోకాళ్ళకు గతంలో ఏదైనా దెబ్బ తగిలిందా, వరుసగా ఎన్ని రోజులు బయట నిద్రించారు, మీరు ఇప్పటివరకు ఎంత దూరం నుంచి గురి తప్పకుండా కాల్చారు, వేట దొరకకుండా ఐదు రోజులూ గడిచిపోతే మీరు ఎలా తీసుకుంటారు, ఇలా సాగాయి ఆ ప్రశ్నలు. నిజం రాయండి, ఎందుకంటే మీరు రాసినదాన్ని బట్టే ఏ లోయకు తీసుకువెళ్ళాలో నిర్ణయిస్తాం అని చివర ఒక వాక్యం ఉంది. నాకు మొదటి ప్రశ్నకే జవాబు తెలియదు. తెలుసుకోవడానికి ఆ వచ్చే ఆదివారం భువనగిరి కోటకు వెళ్ళాను.

భువనగిరి గుట్ట ఒకే రాయి, చుట్టుపక్కల నేల నుంచి దాదాపు 500 అడుగులు లేస్తుంది. అంటే రెండుసార్లు ఎక్కితే వారు అడిగిన 300 మీటర్లు. 13 ఏళ్ళ వయసులో, 2014లో, ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ శిక్షణ మొదలైంది ఈ రాతి మీదే కాబట్టి, కొండల కోసం సిద్ధమయ్యే తెలుగువారికి ఇంతకంటే తగిన చోటు మరొకటి లేదు. 15 కిలోల బియ్యం మూటను సంచిలో వేసుకుని ఎక్కితే, రెండోసారి పైకి చేరేసరికి మధ్యలో ఆగిన సమయంతో కలిపి గంటా ఇరవై నిమిషాలు పట్టింది. అదే రాసి పంపాను. వెంటనే పదహారు వారాల శిక్షణ పట్టిక వచ్చింది. గంటలోపు ఎక్కగలిగితేనే మేము అనుకున్న లోయకు తీసుకువెళ్తాం, లేకపోతే తేలికైన మరో చోటు ఉంది, అక్కడ పోతులు తక్కువ అని స్పష్టంగా రాశారు. డబ్బు కట్టే మనిషితో అంత నిక్కచ్చిగా మాట్లాడిన సంస్థను నేను అంతకుముందు చూడలేదు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో వారానికి ఒకసారి భువనగిరికి వెళ్ళాను. ఎండలు ముదిరాక ఆ రాయి పెనంలా కాలుతుంది కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో మా అపార్ట్‌మెంటు మెట్లనే నమ్ముకున్నాను. పద్నాలుగు అంతస్తులు, అంతస్తుకు మూడు మీటర్ల లెక్కన ఏడుసార్లు ఎక్కితే దాదాపు 300 మీటర్లవుతుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలుపెట్టేవాణ్ణి. పట్టికలో నాకు ఎక్కువగా నచ్చింది, ఎక్కడం కంటే దిగడానికి వారు ఇచ్చిన ప్రాధాన్యం. లిఫ్టులో కిందికి రావద్దు, బరువుతో మెట్లు దిగండి, ప్రతి మెట్టు మీద మడమ నెమ్మదిగా ఆనేలా దిగండి అని నొక్కి రాశారు. భువనగిరిలో మూడో వారం నేను దిగుతుంటే, కింద పల్లీలు అమ్ముకునే ఒక పెద్దమ్మ నా సంచి వైపు చూసి, "ఎక్కుడు కాదు సారూ, దిగుడే కష్టం. మోకాళ్ళు పైలం" అంది. పదకొండు వేల కిలోమీటర్లకు పైగా అవతల ఉన్న గైడు రాసిన మాట, ఆ కొండ కింద కూర్చున్న ఆమె నోట అచ్చంగా అలాగే వినబడింది. నాలుగో రోజు సాయంత్రం జంతువు బరువుతో రాళ్ళ వాలు దిగుతూ తొడలు వణకకుండా నిలబడగలిగినప్పుడు ఆ ఇద్దరినీ తలచుకున్నాను.

బూట్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కొండ వేట కోసం చేసే ఖర్చులో మొదటి రూపాయి వెళ్ళవలసింది అక్కడికే. మన దగ్గర ట్రెక్కింగు బూట్లుగా అమ్మేవాటిలో ఎక్కువ భాగం వేళ్ళ దగ్గర చేత్తో వంచితే వంగుతాయి, అవి దారి మీద నడవడానికి పనికివస్తాయి. దారే లేని వాలు మీద, బూటు పక్క అంచును మాత్రమే నేలలో దించి అడ్డంగా నడవాలంటే అడుగు వంగకూడదు, చీలమండ పైదాకా పట్టు ఉండాలి, మంచు గట్టిపడిన చోట కింద బిగించే ఇనుప పళ్ళ క్రాంపాన్లు కదలకుండా కూర్చోవాలి. సంస్థవారు ఫలానా బ్రాండు కొనమని చెప్పలేదు. బూటు మడమను ఒక చేత్తో, ముందు కొనను మరో చేత్తో పట్టుకుని మెలితిప్పి చూడండి, సులభంగా తిరిగితే కొనవద్దు అన్నారు. సాయంత్రం పూట, పాదాలు కొద్దిగా ఉబ్బి ఉన్నప్పుడు, మందపాటి ఉన్ని మేజోళ్ళతో వేసుకుని చూడమన్నారు, వాలు బల్ల మీద కిందికి దిగినప్పుడు బొటనవేలు ముందు కొనకు తగలకూడదన్నారు. బయలుదేరేలోపు వాటితో కనీసం వంద కిలోమీటర్లు నడవమన్నారు. నలభై కిలోమీటర్ల దగ్గర ఎడమ మడమ మీద రూపాయి బిళ్ళంత బొబ్బ లేచింది. ఫొటో తీసి పంపితే, లేసు పై రెండు కొక్కేలను వదులుచేసి, చీలమండ దగ్గర ముడి వేసి బిగించే పద్ధతిని చిన్న వీడియోగా తీసి మరునాటికల్లా పంపారు. ఆ తరువాత ఇప్పటివరకు మళ్ళీ బొబ్బ లేవలేదు.

బీమా విషయంలో వీరు నాకు చేసిన మేలు చిన్నది కాదు. సాహస క్రీడలకు వర్తిస్తుందని చెప్పి ఒక ఏజెంటు నాకు ప్రయాణ బీమా అమ్మాడు. సంస్థవారు బీమా పత్రం ముఖపత్రంతో సరిపెట్టుకోకుండా, మినహాయింపుల పేజీని కూడా పంపమని అడిగారు. చదివి చూస్తే అందులో వేట, తాళ్ళతోనో మంచు గొడ్డలితోనో చేసే పర్వతారోహణ, రెండూ వర్తించనివాటి జాబితాలోనే ఉన్నాయి. ఆ పత్రంతోనే వెళ్ళి ఉంటే, కాలు విరిగి హెలికాప్టరులో కిందికి దించవలసి వస్తే నా పరిస్థితి ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. న్యూజిలాండ్‌లో ప్రమాదవశాత్తూ గాయపడితే ఏసీసీ అనే ప్రభుత్వ సంస్థ సందర్శకుల చికిత్సకు కూడా సాయపడుతుంది గాని, అనారోగ్యానికి, ప్రయాణం రద్దు కావడానికి, మనల్ని ఇంటికి చేర్చడానికి అది వర్తించదు. చివరికి ఎక్కువ ప్రీమియం కట్టి, వేట అన్న మాట రాతపూర్వకంగా ఉన్న మరో పాలసీ తీసుకున్నాను. ఎవరైనా సరే, బీమా పత్రాన్ని వెనుక పేజీ నుంచి చదవడం మొదలుపెట్టండి.

తుపాకి సంగతి చాలామంది అడిగారు. మన దేశం నుంచి నేను ఏ తుపాకినీ తీసుకువెళ్ళలేదు. న్యూజిలాండ్ చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న వ్యక్తి పక్కనే ఉండి ప్రత్యక్షంగా పర్యవేక్షిస్తుంటే, లైసెన్సు లేనివారు మామూలు వేట రైఫిల్‌ను వాడవచ్చు. 2019 మార్చిలో క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో జరిగిన కాల్పుల దారుణం తరువాత అక్కడ చట్టాన్ని బాగా బిగించి, సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళలో చాలావాటిని నిషేధించారు. నేను వాడింది గైడుకు చెందిన .270 బోల్టు రైఫిల్, అంటే ప్రతి తూటాకూ బోల్టు అనే పిడిని చేత్తో లాగి కాల్చేది. దాని గొట్టానికి శబ్దం తగ్గించే సైలెన్సరు బిగించి ఉంది, అది అక్కడ చట్టబద్ధం, మామూలు కూడా. నిపుణుల చెవులకే కాదు, కొత్తవారి భుజానికి కూడా దానివల్ల మేలు జరుగుతుంది, తన్ను తగ్గుతుంది కాబట్టి కాల్చేటప్పుడు కళ్ళు మూసుకునే అలవాటు పుట్టదు.

హైదరాబాదులో నాకు అందుబాటులో ఉన్నది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ రేంజి మాత్రమే. దానితో కొండ వేటకు ఏం సిద్ధమవుతామని నేను సందేహిస్తే, సంస్థవారు అదే చాలన్నారు. అయితే నిలబడి కాల్చవద్దు, మెట్లు పరుగున ఎక్కి వచ్చి, గుండె దడదడలాడుతుండగా నేల మీద కూర్చుని, సంచి మీద రైఫిల్ ఆనించి, మూడు శ్వాసల తరువాత మాత్రమే ట్రిగ్గరు నొక్కండి అని రాశారు. రేంజిలోని శిక్షకుడు మొదట విస్తుపోయి, తరువాత తనే గడియారం పట్టుకుని నాకు సమయం లెక్కపెట్టసాగాడు. మరో ముఖ్యమైన పాఠం వాలు మీద దూరం లెక్కించడం. 30 డిగ్రీల వాలులో మనకూ జంతువుకూ మధ్య దూరం 300 మీటర్లని పరికరం చూపిస్తే, తూటా మీద గురుత్వాకర్షణ ప్రభావం దాదాపు 260 మీటర్ల దూరానికి సరిపడేంతే ఉంటుంది. ఇది తెలియనివారు పైకి కాల్చినా కిందికి కాల్చినా తూటా అనుకున్నదానికంటే ఎత్తుగా వెళ్ళి, గురి తప్పుతుంది, అంతకంటే ఘోరంగా జంతువు గాయపడి తప్పించుకుంటుంది. ఈ లెక్కను వారు ఒక చిన్న అట్ట మీద అచ్చువేసి ఇస్తారు, రైఫిల్ మడమకు అతికించుకోవచ్చు.

వీసా సంగతి క్లుప్తంగా చెబుతాను. భారతీయ పాస్‌పోర్టుకు సందర్శక వీసా తప్పనిసరి, తొందరగా దరఖాస్తు చేసుకోవడం మేలు, వేటకు వెళ్తున్నామన్న సంగతిని సంస్థ ఇచ్చిన లేఖతో సహా దాచకుండా రాయాలి.

క్రైస్ట్‌చర్చ్ విమానాశ్రయంలో జీవభద్రత తనిఖీని గురించి సంస్థవారు పంపిన రెండు పేజీల సూచనలు అక్షరాలా పనికివచ్చాయి. వాడిన బూట్లు, గుడారం, తినుబండారాలు, అన్నిటినీ ఫారంలో ప్రకటించాలి. ప్రకటించకుండా పట్టుబడితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. ప్రయాణానికి మూడు రోజుల ముందు బూటు అడుగుల గాళ్ళలో భువనగిరి మట్టి రేణువు కూడా మిగలకుండా పాత పళ్ళకుంచెతో, పిన్నీసుతో గీకి కడిగి, రెండు రోజులు ఆరబెట్టాను. అధికారిణి బూట్లను తిరగేసి, దీపం కింద పెట్టి, సన్నని ఉక్కు పుల్లతో ఒక్కొక్క గాడిని తడిమి చూసింది. మడమ దగ్గర ఒక గాడిలోంచి ఎండిన గడ్డిగింజ ఒకటి రాలింది. దాన్ని పట్టకారుతో తీసి సీసాలో వేసి, మిగతాదంతా శుభ్రంగా ఉందని చెప్పి, బూట్లు తిరిగి ఇచ్చింది. బయటి నుంచి వచ్చిన ఒక్క జంతువు తమ కొండలను ఏం చేసిందో నూరేళ్ళకు పైగా చూస్తున్న దేశం, ఒక్క గింజను అంత శ్రద్ధగా పట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు.

మొదటి రోజు కొండకు వెళ్ళలేదు. ఒక గొర్రెల కమతంలో 100 మీటర్ల నుంచి మూడు తూటాలు, తరువాత 200 మీటర్ల నుంచి, 300 మీటర్ల నుంచి ఉక్కు పలక మీద కాల్పించారు. 300 దగ్గర ఐదింటిలో నాకు మూడే తగిలాయి. గైడు తన నోటుపుస్తకంలో నా పేరు పక్కన 250 అని రాసి గీత గీశాడు. ఈ ఐదు రోజుల్లో అంతకంటే దూరం నుంచి మీ చేత కాల్పించను, పోతు ఎంత పెద్దదైనా సరే అన్నాడు. ఆ గీతను చివరిదాకా చెరపలేదు.

రెండో రోజు ఆ మాట విలువ తెలిసింది. జూన్‌లో అక్కడ ఎనిమిది దాటితే గాని తెల్లవారదు, ఐదింటికి చీకటి పడుతుంది. ఆ కొద్ది వెలుతురులో, స్పానియార్డ్ అని వారు పిలిచే సూదిమొనల ఆకుల దుబ్బులనూ, మటగౌరి ముళ్ళపొదలనూ తప్పించుకుంటూ పైకి చేరాం. ఎదుటి కొండ చరియ మీద ఎండుగడ్డి రంగు జూలు గాలికి ఊగుతూ ఒక పెద్ద పోతు నిలబడి ఉంది, దాని చుట్టూ చిన్నవైన పెంటి మేకలు. దూరం 210 మీటర్లు, నా పరిమితికి లోపలే. నేను సంచి మీద రైఫిల్ ఆనించి కూర్చున్నాను. గైడు దూరదర్శిని లోంచి ఆ పోతును కాక, దాని కింద ఉన్న నేలను చాలాసేపు చూసి వద్దన్నాడు. పడితే నేరుగా అగాధంలోకి పోతుంది, అక్కడికి మనం దిగలేం, తీసుకురాలేనిదాన్ని కాల్చకూడదు అన్నాడు. గంటసేపు అది కదులుతుందేమోనని చూసి వెనక్కి తిరిగాం. జంతువుకు లెక్కగట్టి డబ్బు తీసుకునే మనిషి, కళ్ళెదుట ఉన్న ఆదాయాన్ని వదులుకుని చెప్పిన మాట అది. ఈ సంస్థకు నేను ఇచ్చే మార్కులన్నిటిలో ఎక్కువ ఆ గంటకే ఇస్తాను.

మూడో రోజు వాయవ్య గాలి లేచింది. పడమటి సముద్రం మీది తేమ ప్రధాన పర్వతశ్రేణిని దాటి కురుస్తుంటే వాగులు గంటల్లో పొంగుతాయి, అందుకని రోజంతా గుడిసెలోనే ఉండిపోయాం. ఆ నిర్ణయం సరైనదే. నా మొదటి ఫిర్యాదు మాత్రం దీనికి సంబంధించినదే. వాతావరణం వల్ల పోయిన రోజుకు కూడా పూర్తి రుసుము పడుతుందన్న నియమం వారి ఒప్పంద పత్రంలో ఎక్కడా సూటిగా లేదు, చివరి బిల్లులో కనిపించింది. రోజు రుసుము వేరు, జంతువు రుసుము వేరు, గాయపడి తప్పించుకున్న జంతువును కూడా వేటాడినట్లే లెక్కిస్తారు అన్న మూడు సంగతులనూ అంత స్పష్టంగా రాసినవారు, నాలుగోదాన్ని ఎందుకు వదిలేశారో నాకు అర్థం కాలేదు. నేను ఆ డబ్బు కట్టాను, ఎందుకంటే గైడు ఆ రోజంతా నాతోనే ఉన్నాడు. కానీ ముందే చెప్పి ఉండవలసింది.

ఆ గుడిసెలో గడిపిన రోజు పూర్తిగా వృథా కాలేదు. గైడు పాత కొమ్ములను ముందు పెట్టి, వాటి మీది వలయాలను వేలితో లెక్కపెడుతూ వయసు ఎలా చెప్పాలో నేర్పించాడు. ఒక్కొక్క చలికాలం ఒక్కొక్క వలయాన్ని వదిలి వెళ్తుంది, మొదటి రెండు మూడు ఏళ్ళ పెరుగుదల ఎక్కువ, తరువాత వలయాలు దగ్గర దగ్గరగా ముడుచుకుపోతాయి. పొడవు కొమ్ముల కుర్రపోతు కంటే, అరిగిన కొమ్ముల ముసలి పోతునే ఎంచుకోవాలన్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం మాకు అలాంటిదే దొరికింది. పైనుంచి కిందికి, పరికరం 280 మీటర్లు చూపింది, వాలు 30 డిగ్రీలు, అట్ట మీది లెక్క ప్రకారం దాదాపు 240. నేను గైడు ముఖం చూశాను, అతను తల ఊపాడు. మూడు శ్వాసల తరువాత ట్రిగ్గరు నొక్కాను. పోతు నిలబడిన చోటే మోకాళ్ళ మీద కూలి, గడ్డిలో రెండు గజాలు జారి ఆగింది. దగ్గరికి వెళ్ళేసరికి జూలు మీద మంచు పొడి ఇంకా కరగలేదు, కొమ్ముల మీద తొమ్మిది వలయాలు ఉన్నాయి. దాని మెడ మీద చెయ్యి వేసి కాసేపు అలాగే కూర్చున్నాను. గైడు మాట్లాడకుండా దూరంగా నిలబడ్డాడు, అది కూడా మంచి సేవలో భాగమేనని నేను అనుకుంటాను. మోయగలిగినంత మాంసాన్ని ఇద్దరం పంచుకుని దిగాం. వేట గుర్తులను దేశంలోకి తేవడంపై మన ప్రభుత్వ ఆంక్షలు కఠినంగా ఉంటాయి కాబట్టి, కొమ్ములను అక్కడే వదిలి వచ్చాను. ఈ సంగతిని కూడా సంస్థవారు బయానా కట్టకముందే గుర్తుచేశారు.

మిగిలిన రెండు ఫిర్యాదులు సామగ్రికి సంబంధించినవి. వారి జాబితాలో మందపాటి చేతి తొడుగులు మాత్రమే ఉన్నాయి. వాటితో ట్రిగ్గరు తెలియదు, బోల్టు పట్టు చిక్కదు, తీసేస్తే రెండు నిమిషాల్లో వేళ్ళు మొద్దుబారతాయి. లోపల వేసుకునే సన్నని ఉన్ని తొడుగు జత తప్పనిసరిగా జాబితాలో ఉండాలి. గైడు తన జతను నాకు ఇచ్చాడు గాని, అది అతని వేళ్ళకు అవసరమైనది. రెండోది, అద్దెకు ఇస్తామన్న క్రాంపాన్లు నా బూటు పొడవుకు సరిపోయేలా సర్దడానికి కావలసిన పొడిగింపు కడ్డీ అక్కడ లేదు, దానికోసం ఊళ్ళో ఒక పూట తిరగవలసి వచ్చింది. నాలుగు నెలల ముందే బూటు కొలత అడిగి తీసుకున్నవారు చేయవలసిన పొరపాటు కాదు. అలాగే, కియా అనే ఆ కొండ చిలుకలు గుడిసె బయట వదిలిన ప్రతి పట్టీనీ ముక్కుతో చీల్చేస్తాయని జాబితాలో ఒక ముక్క రాసి ఉంటే, బూటు పైన పిక్కకు కట్టుకునే నా గెయిటరు తొడుగు పట్టీ ఒకటి మిగిలేది.

హెలికాప్టరులో కొండ మీదకు చేర్చి గంటల్లో వేట ముగించే సంస్థలు కూడా ఆ ప్రాంతంలో ఉన్నాయి. సమయం లేనివారు, నడవలేనివారు అటు వెళ్తారు. నడవగలిగినవారికి నేను దాన్ని సిఫారసు చేయను. ఆ వాలుల మీద చెమటోడ్చి నడిచాకనే, ఆ జంతువు అక్కడ ఎలా బతుకుతుందో నాకు కొంతైనా తెలిసింది.

మోకాలి నొప్పి ఉన్నవారికి, వారం రోజుల సెలవులో అన్నీ పూర్తికావాలనుకునేవారికి, వేట దొరకకపోతే డబ్బు వృథా అయిందని బాధపడేవారికి ఈ సంస్థ తగదు. ఆ పదకొండు ప్రశ్నలు చూసి చిరాకు పడనివారు నిశ్చింతగా వెళ్ళవచ్చు. పోతులకు జూలు నిండుగా ఉండి, అవి పెంటిలతో కలిసి తిరిగే మే, జూన్ నెలల కోసమైతే ముందటి సంవత్సరం సెప్టెంబరులోపే వారికి రాయాలి. బూట్లు దీపావళికల్లా కొనేయండి, సంక్రాంతి దాటగానే భువనగిరి మొదలుపెట్టండి. ఉగాదికి ఆ రాయి కాలడం మొదలవుతుంది, అప్పటికి గంటలోపు ఎక్కగలుగుతూ ఉండాలి.